పక్కనున్నంతసేపు

నెల కింద గుండెకు స్టెంటు వేయించుకున్న వీరేశానికి పేగు మెలిపడింది. ఆపరేషన్ ఆపితే పేగు కుళ్లుతుంది, చేస్తే గుండె తట్టుకోకపోవచ్చు.

"జర పైలం, బిడ్డా," అంది ఆయన భార్య కనకలక్ష్మి.

"నేను పక్కనున్నంతసేపు ఆయన గుండె ఆగదమ్మా," అంది మత్తు డాక్టరు సుష్మ. ఆమె చేతుల్లో ఇంతవరకు ఒక్క గుండె కూడా ఆగలేదు. ఆ సంగతి ఆమె దాచుకునే రకమూ కాదు.

అన్నట్టే వీరేశం గట్టెక్కాడు. ఆయన్ని ఐసీయూకి పంపి, ఖాళీ థియేటర్లో సుష్మ గర్వంగా ఒళ్లు విరుచుకుంది. మానిటర్ శబ్దం పెద్దగా పెట్టుకుని, గుండెను చెవులతో కాపలా కాయడం ఆమె పద్ధతి. ఆ బీప్ బీప్ ఇంకా వినబడుతోంది. ప్లగ్గు పీకింది. అయినా వినబడుతూనే ఉంది.

ఫోన్ మోగింది. ఐసీయూ నర్సు. "మేడమ్, పేషెంటు మంచిగనే మాట్లాడుతుండు, నీళ్లడుగుతుండు. కానీ మానిటర్ల గీత సాపుగ వస్తుంది. మిషన్ మార్చినా అంతే. నాడి కూడా దొరుకుతలేదు. జల్ది రండి!"

సుష్మ ఉరికింది. ఒక కాలు గడప దాటగానే వెనక చప్పుడు మందగించింది.

"మేడమ్, కళ్లు తేలేస్తుండు!"

కాలు వెనక్కి తీసుకుంది. చప్పుడు నిలకడగా సాగింది. ఫోన్లో వీరేశం మళ్లీ నీళ్లడుగుతున్నాడు.

సుష్మ స్టూలు లాక్కుని, పీకేసిన ప్లగ్గు పక్కనే కూర్చుంది. తన చేతుల్లో ఏ గుండే ఆగలేదు. ఇదీ ఆగదు.