రెండో బ్రేకు

“కాలు తీసేశారా మాస్టారూ?”

“పెట్టే ఉంచానమ్మగారూ. మీరు చూడాల్సింది రోడ్డు, నా బూటు కాదు.”

ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుని గేరు మార్చింది. పాస్టరుగారి భార్య కాబట్టి సంఘంలో అందరికీ ఆమె అమ్మగారే. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ల కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. అమ్మగారి ధైర్యమంతా ఆ రెండో బ్రేకులోనే ఉంది.

వెనక సీట్లో పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని పాట పాడుకుంటున్నారు. ఆ కళ్లు తెరిచినా పెద్ద తేడా లేదు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోందనీ, ఇక స్టీరింగు ముట్టుకోవద్దనీ డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. బస్సు పోని మూడు చోట్ల ఆయన కోసం ఎదురుచూసే చిన్న చిన్న సంఘాలున్నాయి, మంచం దిగలేని ముసలివాళ్లున్నారు. భార్య కారు నేర్చుకుంటే ఆయన వాళ్ల దగ్గరికి వెళతారు, లేకపోతే ఇంట్లో కూర్చుంటారు. ఇంట్లో కూర్చోబెడితే ఆ మనిషి ఎంత త్వరగా కుంగిపోతారో ఆమెకు బాగా తెలుసు. అందుకే ఈ వయసులో ఈ తంటా.

మాస్టారు ఆ సంఘం మనిషే గాని అయ్యగారితో ఒక్క విషయంలో పొసగదు. మొదటి పాఠం నుంచీ కారులో అదే వాదన.

“సమస్తం దేవుడి చేతిలోనే ఉంది తమ్ముడూ,” అంటారు అయ్యగారు.

“అలాగైతే ఇక నేనెందుకు, నా స్కూలెందుకు? స్టీరింగు మనిషి చేతికిచ్చాడంటే తిప్పుకోమనేగా?”

“ఇచ్చినవాడికి దారి తెలియదనుకున్నావా?”

“ఆయనకి తెలుసండీ. గోతిలో పడేసేది మాత్రం మనమే.”

అమ్మగారిది ఎప్పుడూ భర్త పక్షమే. ఒకరోజు విసుగొచ్చి తేల్చిపారేసింది. “ఎందుకండీ ఇంత చర్చ? దేవుడంటే మాస్టారి కాలి కింద బ్రేకు లాంటివాడు. మనం ఎంత పరాగ్గా ఉన్నా సమయానికి ఆయనే తొక్కుతాడు. మనకేం బెంగ?”

మాస్టారు నవ్వేశాడు. అయ్యగారు నవ్వలేదు, ఔననీ అనలేదు. ఆ సాయంత్రం స్కూల్లో గొడుగు మరిచిపోయానంటూ ఒక్కరే గోడలు పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చారు. తీరా చూస్తే గొడుగు లేదు. వయసు మీద పడుతోంది పాపం, అనుకుంది అమ్మగారు. తర్వాతి రోజు కారు వర్క్‌షాపులో ఉందని పాఠం జరగలేదు.

అది మొదలు మాస్టారికి కొత్త అలవాటొకటి వచ్చింది. పాఠం అయ్యేదాకా చేతిబ్రేకు మీద నుంచి చెయ్యి తీసేవాడు కాదు. ఇప్పుడూ అలాగే కూర్చున్నాడు.

కారు బేకరీ మలుపు తిరిగిందో లేదో, గొలుసు తెంచుకున్న కుక్క ఒకటి రోడ్డుకు అడ్డం పడింది. దాన్ని పట్టుకోబోతూ వెనకే ఒక ముసలాయన. అమ్మగారికి ఏం జరిగిందో తెలియలేదు. కారు కీచుమని ఆగింది. ముసలాయన మోకాలికీ బంపరుకూ మధ్య జానెడు చోటు మిగిలింది.

వెనక పాట ఆగిపోయింది.

“సమయానికి తొక్కారు మాస్టారూ,” అంది ఆమె. “లేకపోతే నా చేతుల మీదుగా ఒక ప్రాణం పోయేది.”

మాస్టారు అద్దంలో వెనక సీటు వైపు చూశాడు. కాసేపటికి అయ్యగారు ఆగిన చరణం దగ్గరే పాట అందుకున్నారు. శ్రుతి కాస్త తప్పింది. ఇంటి దగ్గర దిగేటప్పుడు చూస్తే ఆయన చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. ఏమిటండీ అంటే, ఎండ అన్నారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్షకు అయ్యగారి కారునే మాస్టారు నడుపుకొచ్చాడు. పక్కన కూర్చునేది అధికారి, ఆయన కాలి కింద ఏమీ ఉండదు. అమ్మగారు మైదానం గేటు దగ్గరే మొండికేసింది.

“నా వల్ల కాదు మాస్టారూ. ఆ రోజు మీ కాలు లేకపోతే ఏమయ్యేదో మీకు తెలుసు. ఇంటికి పోదాం.”

అయ్యగారు దూరంగా బెంచీ మీద, అటువైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ఆమె ఆయన వైపు ఒకసారి చూసింది. అయినా గేటు దాటలేదు.

మాస్టారు నేలచూపులు చూశాడు. “చెప్పకూడదనుకున్నానమ్మగారూ. నా వైపు బ్రేకు పనిచెయ్యదు. వర్క్‌షాపుకి తీసుకెళ్లినప్పుడే దాని కనెక్షన్ తీయించేశాను.”

“మరి కుక్క అడ్డమొచ్చిన రోజున?”

“తొక్కింది మీరే.”

కుక్క, ముసలాయన, అంతకుముందు పాఠాల్లో దాటిన వంతెన దిగుడు, సంతలో జనం, అన్నీ ఆమెకు వరసగా గుర్తొచ్చాయి. మరుక్షణం మొహం జేవురించింది.

“వెనకాల చూపు ఆనని మనిషిని కూర్చోబెట్టుకుని ఇంత పని చేస్తారా? వాదంలో గెలవడానికి మీకు మా ప్రాణాలే దొరికాయా? ఈ సంగతి ఆయనకు తెలిస్తే మళ్లీ మీ మొహం చూస్తారా?”

“నేను ముందు ఒప్పుకోలేదండీ. కాదన్నాను, కూడదన్నాను. చాలాసేపు బతిమాలించుకున్నాను. నా చెయ్యి చేతిబ్రేకు మీదే ఉంటుందంటేనే సరేనన్నాను.”

లోపలి నుంచి ఆమె వంతు వచ్చిందని కేక వినిపించింది. కోపంలో ఆమె భయం సంగతే మరిచిపోయింది. మాస్టారి చేతిలోంచి తాళం లాక్కుని విసవిసా కారు దాకా వెళ్లి, తలుపు తీసి, వెనక్కి తిరిగింది.

“ఇంతకీ మిమ్మల్ని బతిమాలిందెవరు?”

“అయ్యగారు ఆ రోజు వచ్చింది గొడుగు కోసం కాదమ్మగారూ.”