ఒక్క గంట మోగిన పేజీ

ఆ పొద్దున మదనపల్లె మీద కమ్మిన మబ్బు చినుకు రాల్చకుండా చీకటి పడేదాకా అట్లాగే నిలిచిపోయింది. 1986లో రేషన్ పేర్లు ఎక్కించే కంప్యూటర్ గదికి నేను వాచ్‌మన్‌ని, అలావుద్దీన్ ఆపరేటర్.

ఆ యంత్రం లోపల ఇంకో యంత్రం నడుస్తుందని అతను చెప్పేవాడు. చోటు చాలకపోతే బయటి యంత్రం లోపలిదాని జ్ఞాపకంలోంచి ఒక పేజీ తీసి డిస్కులో పెడుతుంది. లోపలిది ఆ పేజీ కోసం తడిమితే ఒక్క గంట మోగుతుంది. ఇప్పుడు లేదు, వేరే పని చూసుకో అని అర్థం. పేజీ తిరిగొస్తే రెండు గంటలు.

రాత్రి ఏడున్నరకు ఒక్క గంట మోగింది. అలావుద్దీన్ వాళ్ళ వీధిలో 'ఫ'తో మొదలయ్యే పేర్లున్న పేజీ అది. ఎంతసేపటికీ రెండు గంటలు మోగలేదు.

"ఇంకా రాలేదేమప్పా?"

"వస్తాదిలే రామప్పన్నా. మీ ఊరు సదుం పేజీ ఈడే భద్రంగా ఉండాది, నీకేం భయం?" అని నవ్వాడు.

రోజూ ఎనిమిదికి అతని చెల్లెలు ఫాతిమా క్యారియర్ తెచ్చి మాతోనే తినేది. ఆ రాత్రి వాళ్ళమ్మ తాహెరా తెచ్చింది.

"ఫాతిమాకు ఒళ్ళు బాగలేదా అమ్మా?"

"ఎవరప్పా ఫాతిమా?"

నేను అలావుద్దీన్ వైపు తిరిగాను. "నీ చెల్లెలు కదప్పా!"

"నాకు చెల్లెలు యాడుండాది అన్నా? కూర్చోనే నిద్రపోయినావా?"

తాహెరమ్మ మూడు ప్లేట్లు పరిచింది. నాలుగోది కూడా తీసి, దాన్ని కాసేపు చూసి, మళ్ళీ సంచిలో పెట్టేసింది.

రెండు గంటలు మోగుతాయేమోనని వింటూనే నేను వాళ్ళతో తిన్నాను.