లెక్కకు రానన్న కంబన్న

“నన్ను మాత్రం రాయొద్దు మేడమ్మా!” అంటూ కంబన్న అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

ఫోను మీద పద్మప్రియ టీచర్ వేలు ఆగిపోయింది. జనాభా లెక్కల కోసం పొద్దున్నే నల్లమల రాళ్లదారిలో నడిచి ఈ చెంచుగూడేనికి వచ్చింది. గూడెమంతా నవ్వుతూ తుళ్లుతూ పేర్లు చెప్పింది. ఇదే ఆఖరి ఇల్లు, ఇతనే ఆఖరి మనిషి. ఇక గట్టెక్కినట్టే అనుకుంటుండగా ఇదేం పేచీ?

కంబన్న భార్య మల్లక్కకు ఒళ్లు మండింది.

“నీకేమన్నా మతి పోయిందా? పోయిన తూరి లెక్కలోళ్లు కొండ కిందనే నిలబడి, ఈడ మనుషులే లేరని రాసుకోని పోయినారు. కరెంటు అడిగితే, మనుషుల్లేని తావుకు స్తంభాలెందుకన్నారు. ఈ తూరి ఒక్క తల తగ్గినా నేనూరుకోను. చెప్పు నీ పేరు!”

“చెప్పను.”

ఆ కరెంటు మీద మల్లక్కకు ఎంత ఆశంటే, సంతలో బల్బు కొనుక్కొచ్చి ఉట్టిలో దాచింది. దాన్ని చూసి గూడెంవాళ్లంతా ఏడిపిస్తుంటారు. అయినా రోజూ కొంగుతో తుడుస్తూనే ఉంటుంది.

“ఏం కంబన్నా, భయమా?” పద్మప్రియ బుజ్జగింపుగా అడిగింది.

“భయమే మల్ల! పొద్దున అందరినీ కూచోబెట్టి మీరేం చెప్పినారు? ఒక మనిషిని రెండు లెక్కల్లో రాయగూడదు, అబద్ధం చెబితే జుర్మానా అన్నారా లేదా?”

“అన్నాను.”

“నేను ముందే ఒక లెక్కలో ఉండా.”

మల్లక్క నోరు తెరిచింది. “యాడ? నాకు తెలీకుండా ఇంకో సంసారం గాని పెట్టినావా ఏంది?”

చుట్టూ చేరినవాళ్లు గొల్లుమన్నారు. కంబన్నకూ నవ్వాగలేదు.

“నీతో ఏగేదానికే పానం చాలడంల్యా, ఇంకోటా! సర్కారోళ్లే రాసుకున్నారు. ఫోటో తీసినారు. నంబరు గూడా ఇచ్చినారు.”

పద్మప్రియకు చిర్రెత్తింది. పోయినసారి ఈ గూడెం నుంచి ఒక్క పేరు కూడా ఎక్కలేదని పాత వివరాలు చూసుకునే వచ్చింది. మనుషుల్ని ఇలా వదిలేస్తారా అని దారి పొడుగునా తిట్టుకుంటూ కూడా వచ్చింది.

“గూడెమంతా వదిలేసి నిన్నొక్కడినే రాసుకున్నారా? ఏదీ, చూపించు!”

కంబన్న గుడిసెలోకి వెళ్లి, చుట్టచుట్టిన పాత క్యాలెండరు ఒకటి తెచ్చాడు. అడవిలో పులుల్ని లెక్కపెట్టినవాళ్లు అప్పట్లో పంచిపెట్టిందది. బొమ్మలో ముళ్లకంప కింద దూరుతున్న పులి. చెట్టుకు కట్టిన కెమెరాకు వెనక సగమే చిక్కింది. పసుపు మీద నల్లచారలు, పైకి లేచిన తోక. కింద ‘మన అడవిలో కొత్త పులి’ అని గొప్పగా అచ్చేశారు. పక్కన నంబరు.

పద్మప్రియ క్యాలెండరును తిప్పి తిప్పి చూసింది. “ఇందులో పులి తప్ప ఎవరూ లేరు కదయ్యా! నువ్వెక్కడున్నావు?”

కంబన్న తల గోక్కున్నాడు. పెళ్లాం వైపు ఒకసారి బెదురుగా చూశాడు.

“అదే నేను మేడమ్మా! మనుషుల లెక్కలోళ్లు కొండెక్కని ఆ యేడే, పీర్ల పండగకు ఆత్మకూరులో పులి ఏసం కట్టి, రంగు కడుక్కోకనే కంపల కింద దూరి అడ్డదోవన ఇంటికొస్తాంటే తీసినారు. మొదట ఆ పులుల్లో నన్ను కొట్టేయించండి, అప్పుడు మనుషుల్లో రాసుకుందురు!”