దండాల నంబరు

‘ఎల్లారెడ్డి ఆడబిడ్డలు’ అనే వాట్సాప్ గ్రూపులో పేరూ ఫొటో లేని నంబరు ఒకటుంది.

ఎవరు పెళ్లి కబురు పెట్టినా చేతులు జోడించిన దండం బొమ్మే, చావు కబురు పెట్టినా దండం బొమ్మే. ఎవరో పచ్చిపులుసు చేసే తీరు పెడితే దానికీ దండమే.

“పులుసుకు మొక్కుతదేందే గీమె!” అని అందరూ నవ్వుకునేవారు.

కామారెడ్డిలో కాపురముంటున్న సాయిశ్రీ ఒకరోజు గ్రూపులో వాయిస్ పెట్టింది.

“అక్కలారా, మా అమ్మ రాజవ్వ ఎల్లారెడ్డిల బీడీలు చేస్తుండె. నాకు ఏడాది నిండకముందే పోయింది. పిట్లంల మా మేనమామ సాదిండు. అమ్మ మొకమే ఎరుక లేదు. ఎవరి దగ్గరన్న ఫొటో ఉన్నదా?”

ఆ రోజంతా ఫోను చేతిలోనే. అన్నం రెండుసార్లు మాడింది. ఇంట్లో ఎవరూ వంకపెట్టే సాహసం చేయలేదు.

సాయంత్రానికి ఒక్కటే జవాబు. దండం.

మర్నాడు మళ్లీ దండం. ఆ మర్నాడు వరసగా ఐదు.

సాయిశ్రీకి ఒళ్లు మండింది. మళ్లీ వాయిస్ పెట్టింది.

“ఓ దండాలామే! తల్లి లేనిదాంతోని పరాష్కమా? చేతులు జోడించుడు తప్ప ఇంకేం రాదా నీకు?”

పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ నంబరు గ్రూపులోంచి వెళ్లిపోయింది.

నెల తర్వాత అదే నంబరు నుంచి ఫోను.

“అక్కా, నేను అనిలను. ఎల్లారెడ్డి నాగవ్వ కోడలిని. మా అత్త మీకొక ఫొటో ఇయ్యమన్నది.”

సాయిశ్రీ దొరికిన బస్సెక్కి ఎల్లారెడ్డిలో అనిల ఇంటికి చేరింది.

“మీ అత్త ఏదమ్మా?”

“పోయి పదకొండొద్దులాయె అక్కా. మీ అమ్మ, ఆమె ఒక్క అరుగు మీదనే బీడీలు చేస్తుండిరట.”

“మరి నాకొక్క మాట చెప్పొద్దా?”

“సదువు రాదు. మాట్లాడి పంపుడు రాదు. నా బిడ్డ హాస్టల్‌కు పోయేముందు ఆ ఒక్క బొమ్మ నేర్పిపోయింది. మీరు ఫొటో అడిగినప్పుడు నేను తల్లిగారింటికాడ ఉంటి. వచ్చినంక ఫోన్ చేద్దామంటే, ‘రాజవ్వ పిల్ల కోపం మీద ఉన్నది, జర ఆగు’ అన్నది.”

సాయిశ్రీ తల దించుకుంది. “నా తిట్లకు బాధపడ్డదా?”

“లేదక్కా. ఏందో ఒత్తితే గ్రూపులకెల్లి బయటవడ్డదట. మీ వాయిస్ రోజూ పెట్టుకొని ఇంటుండె. అచ్చం రాజవ్వ గొంతేనట.”

అనిల ఫొటో చేతికిచ్చింది. “అండ్ల పసిపిల్ల మీరే.”

చాట ముందు పెట్టుకొని ఆకు కత్తిరిస్తూ అమ్మ నవ్వుతోంది. పక్కనే నాగవ్వ తన చాట అవతలికి నెట్టి, కొంగు కప్పి, సాయిశ్రీకి పాలిస్తోంది.