కమాను కింద మనిషి

పైనుంచి రాళ్ళు దభేలున పడేసరికి విజయరత్నం గారి ప్రార్థన ‘ఆమెన్’ దాకా సాగలేదు. మోకాళ్ళ మీంచి లేచి, బతుకు జీవుడా అంటూ వెనక గోడ సందులోంచి బయటపడ్డారు.

అది పాడుబడ్డ చాపెల్, చిన్న ప్రార్థనాలయం. ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. ఎవరో ధనవంతుడు ఫ్రాన్సులో విప్పించి, ఓడలో తెప్పించి, మాంట్రియల్‌కి దూరంగా ఈ పొలాల మధ్య మళ్ళీ కట్టించాడట. ఇప్పుడు నిలిచి ఉన్నది ముందు కమానూ, వెనక గోడ ముక్కా. అందులో రాయి కదపాలన్నా ప్రభుత్వం ఒప్పుకోవాలి. కంచె దాటొద్దని చెప్పే కూతురు జెస్లిన్ టౌన్‌కి వెళ్ళింది. దేవుడి ఇంటికి కంచె ఏమిటని ఈ రిటైర్డ్ హెడ్‌మాస్టారు దూరిపోయారు.

చెట్టు చాటున ఊపిరి తీసుకుని ఇవతలికి వచ్చేసరికి జనం పరుగెడుతున్నారు. గార్డు ఫోన్లో అరుస్తోంది. ఏమైందని ఆయన ఇంగ్లీషులో అడిగారు.

“లోపల మనిషి ఉండిపోయాడు,” అంది గార్డు.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. తాను కళ్ళు మూసుకున్నప్పుడు ఎవరో వచ్చారన్నమాట. ఆ మనిషిని రాళ్ళకు వదిలేసి తాను పారిపోయి వచ్చారు. చెప్పేద్దామంటే జెస్లిన్ సిటిజన్‌షిప్ ఇంకా రాలేదు. తండ్రి చేసిన పనికి అది ఆగిపోతే? ఉండబట్టలేక, అరికాళ్ళు కోసుకుంటున్నా లెక్కచేయక రాళ్ళు లాగబోతే, గార్డు రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చింది.

ఫైరింజన్ వచ్చింది. వేలాడుతున్న కమానును ఇవతలికి పడగొడితే గానీ లోపలికి పోలేమన్నారు. పరుగున వచ్చిన, పాత కట్టడాలు చూసే హెరిటేజ్ ఆఫీసరు, వేరే దారి చూడమని పైవాళ్ళని ఫోన్లో చాలాసేపు బతిమాలాడు. చివరికి సరేనని తలూపి, అది చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

కమాను కూలింది. రాళ్ళన్నీ తీసి చూశారు. ఎవరూ లేరు.

అప్పుడే వచ్చిన జెస్లిన్ చెయ్యి పట్టుకుని ఆయన పక్కకు లాగారు.

“అమ్మా, నేను లోపలే ఉన్నానమ్మా. ఎవరినో వదిలేసి వచ్చేశాను. ఇంకా వెతకమని చెప్పు.”

“ఎవరిని డాడీ? మీరు చూశారా?”

“నేను చూడలేదు. ఆ గార్డే చెప్పింది.”

జెస్లిన్ వెళ్ళి గార్డుతో ఫ్రెంచిలో మాట్లాడి వచ్చి, తండ్రి మట్టికొట్టుకున్న సాక్సుల వంక చూస్తూ అంది: “మనిషిని ఆవిడా చూడలేదట డాడీ, గుమ్మం బయట పొందిగ్గా విడిచిన బూట్ల జత చూసిందట.”