స్లోమోషన్‌లో బాపు

"మీ బాపు గట్ల నడుత్తాండేంది బిడ్డా? ఏమైంది ఆయనకు?"

ఫోన్లో మేనత్త అడిగింది సింధుకు ముందు అర్థం కాలేదు. పరకాలలో ఉండే మొగిలమ్మ పొద్దున్నే ఫోన్ చేసే మనిషి కాదు. నిన్న చుట్టాల గ్రూపులో పెట్టిన వీడియో గురించి అడుగుతోందని తెలిశాక సింధుకు నవ్వొచ్చింది.

"ఏం కాలే అత్తా. అది స్లోమోషన్. నేనే గట్ల చేసిన."

నిన్న సింధు తండ్రి కుమారస్వామి అరవయ్యో పుట్టినరోజు. బస్సు కండక్టరు ఉద్యోగం నుంచి దిగిపోయి ఏడాది కూడా కాలేదు. ఆయనకు కొత్త తెల్ల చొక్కా తొడిగించి, వరంగల్‌లోని తమ ఇంటి పక్క సందులోకి తీసుకెళ్లింది సింధు. సందు చివరి నుంచి ఎప్పటిలాగే నడిచి రమ్మంది. దగ్గరికి వచ్చాక జేబులోంచి నల్లకళ్లద్దాలు తీసి పెట్టుకోమంది. ఆయన సిగ్గుపడ్డాడు కానీ కూతురి మాట కాదనలేదు. ఆ సమయానికి సందులో ఇంకెవరూ లేరు. ఫోను కదలకుండా పట్టుకోవడం మీదే ఆమె ధ్యాసంతా.

ఆమె పాత ఫోనులో స్లోమోషన్ రాదు. స్నేహితురాలు ఒక వెబ్‌సైట్ చెప్పింది. వీడియో ఎక్కించాలి, వేగం సగానికి తగ్గించాలి, మాటలు తీసేసి పాట పెట్టాలి, డౌన్‌లోడ్ నొక్కాలి. అంతే పని. సింధు తీసిన వీడియోను ఒకసారి చూసుకునే ఓపిక కూడా లేక నేరుగా అందులో ఎక్కించింది. నెట్ సరిగ్గా రాక రెండుసార్లు ఆగిపోయింది. మళ్లీ మళ్లీ నొక్కితే చివరికి పాటతో సహా వీడియో దిగింది. అందులో బాపు అడుగు తీసి అడుగు వేస్తూ, తాపీగా అద్దాలు పెట్టుకుంటుంటే సినిమా హీరోలా కనిపించాడు. వెంటనే గ్రూపులో పెట్టేసింది. చుట్టాలంతా మెచ్చుకున్నారు.

ఇదంతా అత్తకు విడమరిచి చెప్పింది. టీవీలో క్రికెట్ వస్తున్నప్పుడు వికెట్ పడితే మళ్లీ మెల్లగా చూపిస్తారే, అలాంటిదేనంది.

"అంటే మామూలుగ మంచిగనే నడుత్తాండు గదా?"

"మంచిగనే నడుత్తాండు. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

మొగిలమ్మ ఫోన్ పెట్టేసింది. కానీ మధ్యాహ్నం కాకముందే పరకాల బస్సు దిగి, ఆటోలో ఇంటి ముందుకు వచ్చేసింది. గడపలోనే తమ్ముడెక్కడని అడిగింది. సింధు తల్లి నిర్మల ఎదురొచ్చి, ఇప్పుడే మూలమీది దుకాణానికి పాల ప్యాకెట్ కోసం పోయాడని చెప్పి, చాయ్‌కి నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

మొగిలమ్మ కూర్చోలేదు. వీడియో మళ్లీ పెట్టమంది. స్లోమోషన్ అంటే ఏమిటో పక్కింటి పిల్లలు చూపించారనీ, తనకు అర్థమైందనీ, అయినా ఒకటి అంతుపట్టడం లేదనీ అంది.

"ఒక్క చెయ్యి ఊగుతాంది, ఒక్క చెయ్యి ఊగుతలేదు. మెల్లగ చేస్తే రెండూ మెల్లగ ఊగాలె గదా బిడ్డా?"

సింధు చూసింది. నిజమే. కుడిచెయ్యి ముందుకూ వెనక్కూ పోతోంది. ఎడమచెయ్యి తొడకు అతుక్కున్నట్టు ఉండిపోయింది. నిన్నటి నుంచి ఎన్నోసార్లు చూసినా ఈ సంగతి తన కంట పడలేదు. ఆ చేతిలో అద్దాలు పట్టుకున్నాడేమో అనుకుంది. కానీ అద్దాలు జేబులో ఉన్నాయి. వెబ్‌సైట్‌లో ఏదో తేడా జరిగి ఉంటుందంది. ఒక్క చేతినే ఆపేసే వెబ్‌సైట్ ఎలా ఉంటుందో ఆమెకూ తెలియలేదు. దిక్కుతోచక తల్లి వైపు చూసింది.

నిర్మల తేలిగ్గా నవ్వేసింది. "నౌకరి అయిపోయినంక జర బద్ధకం ఎక్కువైంది వదినె. ఆయన అంగీ గుండీలు పెట్టుకునేసరికి నా వంట అయిపోతాంది. ఇన్నేండ్లు ఉరుకులాడిండు గదా, ఇప్పుడన్న నిమ్మళంగ ఉండనీ అని నేనేమంటలేను."

"వాడు నిమ్మళంగ ఉండేటోడు గాదు నిర్మలా," అంది మొగిలమ్మ. చిన్నప్పుడు తనతో పొలానికి బయల్దేరితే, తాను సగం దారి పోకముందే వాడు వెళ్లి తిరిగి వస్తుండేవాడని చెప్పింది. చెబుతూనే వాకిలి వైపు చూసింది. కుమారస్వామి ఇంకా రాలేదు. గిన్నెలో నీళ్లు మరిగి మరిగి అడుగంటుతుంటే నిర్మల పొయ్యి కట్టేసింది.

అత్త ముఖం చూస్తే సింధుకు జాలేసింది. మాటలతో నమ్మించలేకపోతున్నప్పుడు కళ్లకే చూపిస్తే సరిపోతుంది. అసలు వీడియో తన ఫోనులో అలాగే ఉంది.

"రెండూ పక్కపక్కన పెడ్త అత్తా. అమ్మ ఫోన్ల స్లోమోషన్‌ది, నా ఫోన్ల అసలుది. నా దాంట్ల బాపు గబగబ వచ్చేస్తడు. అమ్మ దాంట్ల అప్పటికింక సందు నడుమనే ఉంటడు. నీకే తెలుస్తది."

మొగిలమ్మ అప్పుడు కూర్చుంది. చీర కొంగుతో కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది. నిర్మల కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. సింధు రెండు ఫోన్లనూ బల్ల మీద ఆనించి, రెండు వేళ్లతో ఒకేసారి నొక్కింది. తల్లి ఫోనులో పాట మొదలైంది. తన ఫోనులో చెప్పులు నేలకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. రెండింటిలోనూ తెల్ల చొక్కాతో కుమారస్వామి సందు చివర బయల్దేరాడు.

రెండు వీడియోలూ ఒకేసారి అయిపోయాయి.