సరిపోని తమ్ముడు

“ఇవ్వనంటే రేపట్నుంచి నన్ను మనిషి కింద లెక్కేయరు మేడమ్,” అన్నాడు లిఫ్టు మెకానిక్.

“ముందు ఆ తలుపు గడియ పెట్టండి,” అంది మనసు డాక్టరమ్మ.

ఆస్పత్రిలో ఆమెకు స్థిరపడిన పేరు అదే. కిడ్నీ ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ ఆపరేషన్ కి ముందు ఓ గంట ఆమె గదిలో ఒంటరిగా కూర్చోవాలి. ఇష్టపడే ఇస్తున్నారా అని తేల్చడం ఆమె పని.

గడియ పెట్టి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. మొహం ఉబ్బి ఉంది. బూట్లు పట్టక చెప్పులేసుకొచ్చాడు.

“ఎవరు బలవంతం చేశారు?”

“ఎవరూ చెయ్యలేదు, అదే తమాషా. అక్క కిడ్నీలు పోయాయని తెలిసిన రోజు అమ్మ నా వైపు చూసింది. బావ చూశాడు. పిన్ని చూసింది. అంతే, నేను ఇస్తున్నట్టు ఖాయమైపోయింది. నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.”

కుటుంబం నోరు తెరిచి అడగదు. కళ్ళతో అడుగుతుంది. కళ్ళతో అడిగినదాన్ని నోటితో కాదనడం ఎవడి తరం?

“మీ అక్క?”

“అక్క నా వైపే చూడట్లేదు. అది ఇంకా చంపుతోంది.”

“ఆవిడంటే కోపమా?”

“ప్రాణమండీ. చిన్నప్పుడు నేను పగలగొట్టినవన్నీ తనే పగలగొట్టానని చెప్పి తన్నులు తింది. అయినా సరే, కోయించుకోవాలంటే నాకు భయం. పిరికివాణ్ణి. రాసుకోండి.”

“ఒంట్లో ఎలా ఉంటోంది?”

“నెల్రోజుల్నుంచి పొద్దున లేస్తే కళ్ళకింద వాపు. తిన్నది నిలవదు. తల పగిలిపోతూ ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం. లిఫ్టు బాగుచేసేవాడికి మెట్లే గతి, నవ్వకండి.”

“అక్కకీ ఇలాగే మొదలైందా?”

“అచ్చం ఇలాగే.”

ఆమె కలం కింద పెట్టింది. ఇలాంటివాళ్ళ గురించే ఆమె పుస్తకాలకి పుస్తకాలు చదివింది.

“మీకే జబ్బూ లేదు. ఇవ్వనని మీ నోరు అనలేకపోతోంది. అందుకని ఒళ్ళు అంటోంది. నేనూ రోగినే, నన్ను కొయ్యకండి అని అక్క జబ్బునే అరువు తెచ్చుకుంది.”

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత చేతుల్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చాక తేలిగ్గా ఉందన్నాడు. ఆమెకు ఇంకో రుజువు అక్కర్లేకపోయింది.

ఇవ్వనని చెప్పే దారి లేనివాడి దగ్గర తీసుకుంటే దాన్ని దానం అనరు, లాక్కోవడం అంటారు. ఆ మాట మీద ఆమె పెద్ద డాక్టర్లతో పదకొండేళ్ళు పోట్లాడింది. పోట్లాడి ఓ పద్ధతి పెట్టించింది. ఈ గదిలో ‘ఇవ్వను’ అంటే బయట ‘సరిపోదు’ అని చెబుతారు. కారణం కిడ్నీ డాక్టరే ఏదో ఒకటి కల్పిస్తాడు. ఇంటివాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

“అంటే అబద్ధమే కదండీ,” అన్నాడు మెకానిక్.

“అబద్ధమే. నిజం చెప్పే వీలు మీవాళ్ళు మీకు ఉంచారా?”

‘ఇష్టం లేదు’ అని చీటీ రాసి, కవరులో పెట్టి, నర్సు చేత కిడ్నీ డాక్టరు గదికి పంపింది.

మధ్యాహ్నం అందరూ ఆ గదిలో చేరారు. చక్రాల కుర్చీలో అక్క, వెనక బావ, పక్కన తల్లి. గోడవారగా మనసు డాక్టరమ్మ.

“తమ్ముడి కిడ్నీ పనికిరాదమ్మా,” అన్నాడు డాక్టరు.

“మొన్న రక్తం కలిసిందన్నారుగా,” అంది తల్లి.

“కలిసింది. మిగతా పరీక్షలు ఇవాళ వచ్చాయి. ఇతని రెండు కిడ్నీలూ సగమే పనిచేస్తున్నాయి. అక్కకి వచ్చిన జబ్బే. ఏమయ్యా, ఉప్పు మానెయ్. సోమవారం వచ్చి చేరు. ఇప్పుడైతే ఆపగలను, ఆరు నెలలు పోతే నా చేతిలో ఉండదు.”

మెకానిక్ తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని తల్లి వీపు నిమిరింది. నవ్వు ఆపుకుంటున్నాడని మనసు డాక్టరమ్మకి ఒక్కదానికే తెలుసు.

అక్క మొదటిసారి తమ్ముడి వైపు చూసింది.

“నీక్కూడానా రా,” అంది. అతని చెయ్యి పట్టుకుని ఇంక వదల్లేదు.

మనసు డాక్టరమ్మకి చిరాకేసింది. ఒక్క ముక్కతో పోయేదానికి ఇంత కథ అల్లాలా? ఒక బిడ్డ కోసం ఏడుస్తున్న తల్లిని ఇద్దరి కోసం ఏడిపించడం ఏం పద్ధతి?

వరండాలో మెకానిక్ ఆమెను అందుకున్నాడు.

“డాక్టరుగారు నాటకాల్లో వేసేవారా మేడమ్? ఓ నిమిషం నాకే భయమేసింది.”

“కాస్త ఎక్కువ చేశారు.”

“సోమవారం రావాలా మరి?”

“ఎందుకు? ఆ మాట మీవాళ్ళ చెవుల కోసం.”

“గనిలో లిఫ్టు పని ఒకటి వచ్చింది. ఎనిమిది నెలలు. అక్కడ ఫోను కూడా తగలదు. వేరే ఊళ్ళో వైద్యం చేయించుకుంటానని అమ్మకి చెప్పేస్తాను. ఐదింటికి బస్సు. ఎక్కనా?”

“ఎక్కండి. ఇక్కణ్ణుంచి బయటపడితే వాపులు వాటంతటవే తగ్గుతాయి.”

ఆస్పత్రిలో చేరమని రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. ఆమెకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆరింటికి ఆమె కిడ్నీ డాక్టరు గదిలోకి వెళ్ళింది.

“సార్, మీరతన్ని కాపాడారు, కాదనను. కానీ అబద్ధం చిన్నదిగా ఉండాలి. వాళ్ళమ్మని అంత బెదరగొట్టే అబద్ధం దేనికి?”

“ఏ అబద్ధం?” అన్నాడు డాక్టరు.